బావిలోంచి ముగ్గురినీ పైకి రమ్మన్న గొంతు

దయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలుపెడితే మా నాయన అక్కడి నుంచి లేచి వెళ్లిపోయేవాడు. ఆయన పెంపకంలో పెరిగిన నాకూ అలాంటి వాటి మీద నమ్మకం లేదు. ఇవాళ్టికీ లేదు. ఈ ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లయినా కొరుకుడు పడలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నాయన పేరు యేసయ్య. వికారాబాద్ వైపు ఒక చిన్న పల్లెలో ఐదెకరాల రైతు. జొన్న, కంది, బావి కింద కాస్త వరి. ఊళ్లోని మెథడిస్టు సంఘానికి పెద్ద. ముప్పై ఏళ్లు దాటాక, కేవలం బైబిలు చదవడం కోసం రాత్రి బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాడు. ఎంత మంచి అదునైనా ఆదివారం అరక కట్టేవాడు కాదు. కోత పండుగకు మొదటి కంకులు చర్చికి చేరాకే మా ఇంట్లో కొత్త గింజ వండేవాళ్లు. సంతలో ఎద్దును అమ్మేటప్పుడు దాని కాలి నొప్పి సంగతి తనే ముందు చెప్పేసేవాడు. అమ్మ తిట్టేది.

నేను మారేడ్‌పల్లిలో ఒక బడిలో టీచరుగా పనిచేస్తూ చిలకలగూడలో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. అన్న సామేలు ఊళ్లోనే నాయనతో కలిసి సేద్యం చేసేవాడు.

ఆ ఏడు ఈస్టరుకు ముందే బావి అడుగంటింది. ఇంకా లోతు తవ్వుదామని అన్న పట్టుబట్టాడు. ఉత్తరం వైపు మట్టి వదులుగా ఉంది, ముందు రాయి కట్టాలి, కట్టకుండా ఎవరూ దిగొద్దు అని నాయన. మాటా మాటా పెరిగింది. "నువ్వు ప్రార్థన చేస్కుంట కూసో, పంట ఎండిపోతది" అని అన్న అనేశాడట. మర్నాడు పొద్దున నాయన పశువుల కొట్టం దగ్గర పడిపోయాడు. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది.

సికింద్రాబాద్ తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. అన్న రాలేదు. తన వల్లే ఇలా అయిందని లోపల కుమిలిపోతూ, పైకి మాత్రం నీళ్లు పడ్డాకే నాయనకు మొహం చూపిస్తానని ఊళ్లోవాళ్లతో అన్నాడట. ఇద్దరు కూలీలను పెట్టుకుని బావిలోకి దిగాడు. ఆసుపత్రిలో ఉన్న మాకెవరికీ ఆ సంగతి అప్పుడు తెలియదు.

ఆరో రోజు గురువారం. నేను సెలవు పెట్టి నాయన దగ్గర కూర్చున్నాను. అమ్మ వంట కోసం గదికి వెళ్లింది. వార్డు నిండా ఎండ. నాయన కళ్లు తెరిచి పైకప్పు వైపు చూస్తున్నాడు.

ఉన్నట్టుండి నా చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఎంత గట్టిగా అంటే గాజు చిట్లింది. అప్పుడు గమనించాను, అది కుడి చెయ్యి. ఆరు రోజులుగా కదలని చెయ్యి.

ముఖమంతా చెమట. పెదవులు కదులుతున్నాయి. చెవి దగ్గరపెట్టి విన్నాను. ఊపిరి తప్ప శబ్దమే లేదు. కాసేపు పెదవులు కదిలించి, ఎవరో చెప్పేది వింటున్నట్టు ఆగి, మళ్లీ కదిలించాడు. నేను కేక వేస్తే నర్సమ్మ పరుగున వచ్చింది. నాడి చూసి, బీపీ చూసి చీటీ మీద రాసింది. నాడి నూట ముప్పై, వేళ పదీ యాభై. ఆ చీటీ నేను తర్వాత నా కళ్లతో చూశాను.

ఐదు నిమిషాలకు పట్టు వదిలింది. చెయ్యి మళ్లీ గుడ్డలా జారిపోయింది. నాయన నిద్రపోయాడు.

పోతాడనుకున్నాను. అన్న కడచూపుకైనా రావాలి. అమ్మ అన్నం తీసుకుని వచ్చేదాకా ఆగి, ఆమెను అక్కడ కూర్చోబెట్టి టెలిఫోను కోసం పోస్టాఫీసుకు పరుగెత్తాను. మా ఊరికంతటికీ ఒకటే ఫోను, ఖాజా మియా కిరాణా దుకాణంలో. ట్రంకు కాల్ బుక్ చేసి గంటకు పైగా నిలబడ్డాను. లైను దొరికేసరికి ఒంటి గంట దాటింది.

"ఖాజా చాచా, నేను మార్తను. అన్నను జెర పిలువు. నాయనకు బాగలేదు."

"బాగలేదా? గదేంది బేటా? పొద్దుగాల మంచిగనే మాట్లాడిండు గద."

"ఎవరు మాట్లాడిన్రు?"

"మీ నాయన. ఫోన్ చేసిండు. సికింద్రాబాద్ కాల్ అని ఆపరేటర్ సుత చెప్పిండు. నోరు పడిపోయిందన్నరు, మంచిగైందని ఖుషీ అయిన. ఎప్పటి లెక్కనే, ఖాజా, స్తోత్రం అన్నడు. సామేలును బాయిలకెళ్లి పైకి రమ్మను, కింద ముగ్గురున్నరు, ముగ్గురూ ఇప్పుడే రావాలె అన్నడు. నేను దుకాణం గట్లనే ఇడిచిపెట్టి ఉరికిన."

ఎన్ని గంటలకు అని అడిగాను.

"ఫోన్ పెట్టంగనే ఇస్కూల్ల ఇంటర్వెల్ గంట కొట్టిన్రు. పదకొండు."

దుకాణంలోనే ఉన్న అన్న ఫోను అందుకున్నాడు. "మూడో మనిషి ఒడ్డెక్కి నీళ్లు తాగుతుండె, మార్తా. ఉత్తరం దిక్కు మొత్తం కూలింది. గడ్డపారలు, తట్టలు, అన్నీ కిందనే ఉన్నయి."

ఫోను పెట్టేసి మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాను.

ఆ సాయంత్రమే అన్న ఆసుపత్రికి వచ్చాడు. ఒంటి మీద ఎర్రమట్టి కూడా కడుక్కోలేదు. నాయన కాళ్ల దగ్గర తల పెట్టి చాలాసేపు ఉన్నాడు. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి మెల్లగా అడిగాడు.

"ఆ ఫోన్ నువ్వే ఎవలితోనన్న చేయించినవు గద? నిజం చెప్పు, కోపం చెయ్య."

"నువ్వు బాయిల దిగినవనే నాకు తెల్వదన్నా."

అప్పుడు అన్న జరిగింది చెప్పాడు. రోజూ బావిలో పనిచేసేది అన్న, ఒక కూలీ. రెండోవాడు పైన ఉండి తట్టలు లాగేవాడు. ఆ రోజు మాత్రం ఆ కూలీ బావమరిది పక్క ఊరి నుంచి వచ్చి, పని చూసి తనూ దిగాడు. అప్పటికి పది గంటలట. కింద ముగ్గురున్నారని ఖాజా మియాకే తెలియదు.

అన్న ఊరుకోలేదు. తాలూకా ఎక్స్ఛేంజికి వెళ్లి అడిగాడు. సికింద్రాబాద్ నుంచి కాల్ వచ్చిన మాట నిజమే, ఏ నంబరు నుంచో తమ దగ్గర ఉండదన్నారు. నేను ఆసుపత్రిలో వాకబు చేశాను. అక్కడ ఫోను కింద ఆఫీసులో ఒక్కటే. ఆ పూట దాన్ని బయటివాళ్లెవరూ ముట్టుకోలేదని గుమాస్తా చెప్పాడు. కుడి చెయ్యి కదిలిందంటే డాక్టరు నమ్మలేదు. నా మణికట్టు మీద నాలుగు వేళ్ల గుర్తులు వారం రోజులు ఉన్నాయి.

నాయన ఇంకో రెండేళ్లు బతికాడు. మాట కొంత తిరిగొచ్చింది, ముద్దముద్దగా. ఖాజా మియా విన్నానన్న ఆ గట్టి గొంతు మాత్రం మళ్లీ రాలేదు. కుడి చెయ్యి కూడా రాలేదు.

పాస్టరుగారు ఒక ఆదివారం ఇంటికొచ్చి, ఇది దేవుడి కార్యం, సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాలన్నారు. సంగతంతా విన్నాక నాయన అడ్డంగా తల ఊపాడు. ఒక్కొక్క మాటే కూడదీసుకుని అన్నాడు. "అయ్యగారూ, ఆ పొద్దు నాకేం యాదికి లేదు. ఫోన్ నేను చెయ్యలే. చెయ్యని పని నా పేరు మీద చెప్పకున్రి."

ఆ ముగ్గురూ బతికి ఉన్నారు. ఆ ఫోను చేసింది నేనేనని ఒప్పుకునే మనిషి మాత్రం లేడు. పోయేదాకా ఖాజా మియా ఒకటే మాట, "యేసన్న గొంతు నాకు తెల్వదా?" అని. అబద్ధమాడే మనిషి కాదు ఆయన. నాయన అంతకన్నా కాదు. ఇద్దరి మాటా నిజమే అయితే ఆ ఫోనులో మాట్లాడింది ఎవరో నాకు తెలియదు.