దీవెనకు నేను చేసిన వైద్యం

ఆ రోజుల్లో నన్నెవరైనా డాక్టరు అని పిలిస్తే కాదని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ఇరవై నాలుగేళ్ల వయసులో, కొత్తగా కుట్టించుకున్న రెండు ప్యాంట్లతో ఉద్యోగంలో చేరినవాడికి ఆ పిలుపు ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేను. నిజానికి నేను డాక్టర్ని కాను. పర్ణశాలకు ఇవతల ఒక ఊళ్లో, పశువుల దవాఖానాలో కాంట్రాక్టు మీద అసిస్టెంటుని. టీకాలు వేయడం, చెవులకు బిళ్లలు తగిలించడం, డాక్టరుగారు పరీక్ష చేస్తుంటే ఆవు తోక పట్టుకుని నిలబడడం నా పని. (తోక పట్టుకోవడం తేలిక అనుకునేవాళ్లు ఒకసారి పట్టుకుని చూడాలి.) అసలు డాక్టరుగారు భద్రాచలంలో ఉండేవారు, వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా ఐదు రోజులూ ఆ ఊరికి నేనే డాక్టర్ని. మాది ఏన్కూరు. గేదెల మధ్య పెరిగాను కాబట్టి నాలుగు కాళ్లున్న ప్రతిదాని కడుపూ ఒకటేనని నా గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి బలైంది మా పెదనాన్న గుర్రం. పెదనాన్న అంటే మా అమ్మ అక్క భర్త. పర్ణశాల దగ్గర గోదావరి ఇసుక మీద యాత్రికులను గుర్రమెక్కించి ఒక చక్కరు తిప్పి, వాళ్లు ఫొటోలు దిగేదాకా పగ్గం పట్టుకుని నిలబడడం ఆయన బతుకుతెరువు. రాముడి గుడికి వచ్చినవాళ్లు గుర్రం పేరు దీవెన అని తెలిసి మొహమొహాలు చూసుకునేవారు. మేమందరం చర్చికి పోయేవాళ్లం మరి. దాన్ని తెచ్చిననాడే పెద్దమ్మ దాని నుదుటి మీద చెయ్యి పెట్టి, ప్రార్థన చేసి ఆ పేరు పెట్టింది. తెల్లటి ఆడగుర్రం, ఒక చెవి చివర మాత్రం బూడిద రంగు. ఎవరు తోక గుంజినా ఊరుకునేది. పిల్లల్లేని పెదనాన్నకు, పెద్దమ్మకు అది ఇంట్లో మూడో మనిషి.

యాత్రికులకు గుర్రమెక్కడం కంటే దానికి తినిపించడం మీద మోజు ఎక్కువ. పుణ్యమట. అరటిపండ్లు తొక్కతో సహా, లడ్డూలు, పులిహోర, దోసిళ్లతో నానబెట్టిన శనగలు. దోసిట్లోవి సగం ఇసుకలో పడేవి. దీవెన ఒక్క గింజ వదలకుండా ఇసుకతో కలిపి ఏరుకు తినేది. ఆ ఎండాకాలం పచ్చగడ్డి కరువైంది. జొన్నచొప్ప కూడా సరిగా దొరకలేదు. "కడుపునిండ శనగలు తింటున్నది, ఇగ గడ్డెందుకు" అని పెదనాన్న నిశ్చింతగా ఉన్నాడు. నేను పక్కనే నిలబడి డాక్టరులాగా తల ఊపాను. పీచు లేని మేత, అతిగా గింజ, పైనుంచి ఇసుక... గుర్రం కడుపుకు ఇంతకు మించిన చేటు లేదని నాకప్పటికి తెలియదు.

ఒక ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ ఫోన్ చేస్తే బండేసుకుని వెళ్లాను. దీవెన ముందుకాలితో నేల తవ్వుతోంది, మెడ తిప్పి తన కడుపు వైపే చూసుకుంటోంది, పడుకుని పొర్లి మళ్లీ లేస్తోంది. ఒళ్లంతా చెమట. ముందు రోజు సాయంత్రం నుంచి లద్దె వేయలేదట. "ఆదివారం చర్చికి రాకుండ ఇసుకల తిరుగుతడు గద, గందుకే గిట్లైంది" అంది పెద్దమ్మ. పెదనాన్న గుర్రం మెడ నిమురుతూ, "తప్పు నాదైతే నా కడుపు నొయ్యాలె గానీ దానిది నొచ్చుడేంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "భద్రాచలం సారుకు ఫోన్ చేద్దామారా?" అని అడిగాడు.

"నేనున్న గద పెదనాన్నా. ఆదివారం పూట సారును ఎందుకు కష్టపెట్టుడు" అన్నాను. సారు నంబరు నా జేబులో ఉన్న ఫోన్లోనే ఉంది. ఆయన వచ్చి వైద్యం చేస్తే, పెద్దమ్మ చర్చిలో పదిమంది ముందు నన్ను 'మా ఇంటి డాక్టరు' అని చెప్పుకునే మాటకు విలువ తగ్గుతుందని నా బెంగ. గుర్రం బెంగ దానికదే పడుతోంది.

గేదెల సంగతి తప్ప మరేమీ తెలియదని లోపల ఎక్కడో అనుమానం ఉంది కాబట్టి, గోడ చాటుకు వెళ్లి ఫోన్లో వెతికాను. ఒక ఇంగ్లీషు వ్యాసం దొరికింది. ఇసుక మింగిన గుర్రానికి ఇసబ్‌గోల్ పొట్టు ఇస్తే ఆ పీచు ఉబ్బి, ఇసుకను పట్టుకుని బయటికి లాక్కొస్తుందని రాసి ఉంది. నిజమే రాశారు. ఎలా ఇవ్వాలో రాసిన చోటికి వచ్చేసరికి సిగ్నల్ పోయింది. (మా అడవి అంచు ఊళ్లలో సిగ్నల్ ఎప్పుడూ సరిగ్గా అక్కడే పోతుంది.) మిగతాది నా బుర్రతో పూర్తి చేసుకున్నాను.

మెడికల్ షాపుకు వెళ్లి ఉన్న డబ్బాలన్నీ ఇమ్మన్నాను. ఎనిమిది వచ్చాయి. షాపాయన అన్నీ బల్ల మీద పేర్చి, "ఎవరికి?" అన్నాడు. గుర్రానికని చెబితే డాక్టరు చీటీ అడుగుతాడేమోనని, "ఇంట్లవాళ్లకు" అన్నాను. "అందరికా?" "అవ్, అందరికీ." "ఎప్పటిసంది?" "నిన్న సాయంత్రం సంది." ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "నీళ్లు మంచిగ తాగమనుండ్రి" అన్నాడు. ఆ తర్వాత నేను ఆ ఊరు వదిలి వెళ్లేదాకా, ఎదురుపడ్డప్పుడల్లా ఆయన గొంతు తగ్గించి "ఇప్పుడెట్లున్నది ఇంట్ల" అని అడుగుతూనే ఉన్నాడు.

ఎనిమిది డబ్బాల పొట్టూ బకెట్ నీళ్లలో కుమ్మరించాను. గేదెకు ఉబ్బరమొస్తే మా అమ్మ ఇచ్చే వాము, ఇంగువ, నువ్వులనూనె కూడా కలిపాను. ఏన్కూరులో పశువులున్న ప్రతి ఇంట్లోనూ చూరులో మందు పోసే వెదురుగొట్టం ఒకటి దోపి ఉంటుంది. ఇక్కడ అది లేదు. పెదనాన్న వెదురు కోసుకొచ్చి, కణుపు దగ్గర ఏటవాలుగా చెక్కి, అంచులు నున్నగా గీకి ఇచ్చేసరికి బకెట్లో ఉన్నది నీళ్లమందు కాదు, గరిటె నిలబడేంత జిగురు. పెద్దమ్మ తొంగిచూసి, "ఇది మింగుడు పడుతదా బిడ్డా" అంది. "పడుతది పెద్దమ్మా. ఇది సైన్సు" అన్నాను.

పెదనాన్నను తల పైకెత్తి పట్టుకోమన్నాను. ఆయన దవడ కింద భుజం పెట్టి ఎత్తాడు. దీవెన తల విదిలించింది. "గట్టిగ పట్టు" అన్నాను. పట్టాడు. మొదటి గొట్టం పోశాను, రెండోది పోశాను. మూడో గొట్టానికి దగ్గింది. ముక్కు రంధ్రాల్లోంచి జిగురు కారింది. ఏ గొడ్డుకూ అలా కారగా నేను చూడలేదు. ఆగి ఉండాల్సింది. "లోపలికి పోతున్నదనడానికి అదే గుర్తు" అని చెప్పి నాలుగో గొట్టం కూడా పోశాను. ఆ నాలుగో గొట్టాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి దీవెన లేవడం మానేసింది. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. పెద్దమ్మ నా ముందుకొచ్చి చెయ్యి చాపి, "ఫోనియ్యి" అంది. ఆమే సారుతో మాట్లాడింది. గంటన్నరలో ఆయన ఆ ఎండలో పడి వచ్చారు. దీవెన కడుపుకు రెండు వైపులా స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. పేగుల చప్పుడు లేదన్నారు. నొప్పికి ఇంజక్షన్ ఇచ్చి, ముక్కులోంచి సన్నటి పైపు మెల్లగా కడుపులోకి దింపి పారాఫిన్ నూనె పోశారు. నేను బకెట్ పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు నేను సరిగా చేసిన పని అదొక్కటే.

పొద్దు వాలేముందు అది లేచి నిలబడి లద్దె వేసింది. లద్దె కోసం అంతమంది అంతసేపు ఎదురుచూడడం, పడగానే పెద్దమ్మ స్తోత్రం చెప్పడం నేను చూడడం అదే మొదటిసారి. సారు ఒక ముద్ద తీసి సీసాలో వేసి, నీళ్లు పోసి గిలకొట్టి గోడ మీద పెట్టారు. కాసేపటికి అడుగున రెండు వేళ్ల మందం ఇసుక పేరుకుంది. "ఇది గుర్రమా, ఇసుక లారీనా" అన్నారు. అందరం నవ్వాం. ఆ నవ్వు ఆగకముందే ఆయన దాని ముక్కు తుడుస్తూ గుడ్డ వాసన చూశారు.

"ముక్కుల ఇంగువ వాసనేంది? గొట్టంతో పోసిండ్రా?"

వచ్చే నెలలో నా కాంట్రాక్టు మళ్లీ రాయాలి. రాయమని పైకి పంపేది ఆయనే.

"నేనే సారు" అన్నాడు పెదనాన్న.

సారు ఆయనను బాగానే తిట్టారు. "గుర్రాన్ని సాకేటోనివి, గంత తెల్వదా? తల అంతెత్తు లేపి పోస్తే కడుపులకు పోతదా, ఊపిరితిత్తులల్లకు పోతది. గుర్రానికి కక్కుడు రాదు, తేన్చుడు రాదు. అదేమన్న బర్రెనా?" పెదనాన్న తలొంచుకుని విని, మెల్లగా దీవెన దగ్గరికి వెళ్లిపోయాడు. సారు నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పొద్దా?" అన్నారు.

"నేనొచ్చేసరికే పోసిండు సార్" అన్నాను.

గడపలో నిలబడ్డ పెద్దమ్మ నన్ను ఒకసారి చూసి లోపలికి వెళ్లింది.

మూడో రోజుకు దీవెనకు జ్వరం, దగ్గు. పది రోజులు పొద్దునా సాయంత్రం నేనే సూదులు వేశాను. చావలేదు. కానీ ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు మిగిలిపోయింది. ఇక మనిషిని మోయకూడదన్నారు సారు. మేత సంగతి ఆయన చెప్పినట్టే జరిగింది. రోజంతా నోటికి అందేలా పొడుగు గడ్డి, చొప్ప. శనగలు పిడికెడు. ఇసుక మీద మేత వేయకుండా ఎత్తున తొట్టి. నెలకు ఒక వారం ఇసబ్‌గోల్, అదీ నీళ్లలో నానబెట్టకుండా, కాస్త తడిపిన తవుడు మీద పొడిగా చల్లి, అది తనంతట తాను తినేలా. ఇంత సులువైన పని అది.

దీవెన రేవులో ఫొటోలకు మాత్రం నిలబడేది. 'గుర్రానికి ఏమీ పెట్టరాదు' అని నేనే అట్టముక్క మీద రాసి కట్టాను. "పుణ్యానికి పెడ్తమయ్యా, నీదేం పోయింది" అని యాత్రికులు పోట్లాడేవారు. ఎవరినీ నొప్పించలేని పెదనాన్న వాళ్ల చేతుల్లోని లడ్డూలు, అరటిపండ్లు తీసుకుని, గుర్రానికి బదులు తనే తినేవాడు. నాలుగు నెలల్లో దీవెన కడుపు బాగుపడింది, పెదనాన్నకు ఉబ్బరం పట్టుకుంది. పెద్దమ్మ ఇద్దరికీ ఒకే డబ్బాలోంచి ఇసబ్‌గోల్ ఇచ్చేది. ఈ మాట చెప్పి మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను. కానీ తినిపించనివ్వని, ఎక్కనివ్వని గుర్రం దగ్గర ఎవరు ఆగుతారు? ఏడాది తిరిగేసరికి వాళ్లు రేవు వదిలి అశ్వారావుపేట వైపు ఒక పామాయిల్ తోటలో కాపలాకు కుదిరారు. గోదావరి గాలికి అలవాటు పడ్డ మనిషి ఆ చెట్ల నీడలో గెలలు ఎత్తడం నేర్చుకున్నాడు. దీవెన గట్ల వెంట గడ్డి మేస్తూ ఆయన వెనకే తిరిగేది. నా కాంట్రాక్టు మళ్లీ రాశారు, తర్వాత ఉద్యోగం పర్మినెంటయింది.

పోయిన వానాకాలం దీవెన ముసలితనంతో చనిపోయింది. నేను వెళ్లాను. గొయ్యి తవ్వే జేసీబీ కోసం ఎదురుచూస్తూ పెదనాన్న, నేను తోట గట్టు మీద కూర్చున్నాం. పన్నెండేళ్లుగా నాకు నేను వల్లించుకున్న మాటలు అప్పుడు బయటపెట్టాను.

"పెదనాన్నా, ఆ రోజు నా నౌకరీ పోవద్దని నా తప్పు నువ్వు మీదేసుకున్నవ్. నాకు తెలుసు" అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "నీ నౌకరీనా? నీ నౌకరి నాకు యాదిలనే లేకుండె" అన్నాడు. "నువ్వు గొట్టం దిక్కు చూస్తున్నవ్. నీకేం తెలుస్తది. దాని దవడ నా భుజం మీదుండె. వద్దు వద్దని గుంజుతనే ఉన్నది. నాకు తెలుస్తనే ఉన్నది. ఐనా ఇడువలే. నన్ను నమ్మి తల పెట్టింది గదరా అది. సారు అడిగిండు, ఉన్నది చెప్పిన" అన్నాడు.

ఇన్నేళ్లూ ఆ తప్పంతా నాదేనని, ఆ త్యాగమంతా నా కోసమేనని అనుకుంటూ, బాధలో కూడా నేనే పెద్ద డాక్టర్నై కూర్చున్నాను. ఆయన పాటికి ఆయన వేరే బరువు మోస్తున్నాడు, అందులో నా పేరే లేదు. మళ్లీ ఆయనే, "అవునుగానీ, సారు నిన్నేమన్న అడిగిండా గప్పుడు?" అన్నాడు. ఆయన వినలేదన్నమాట. నేను సారుకు చెప్పిన అబద్ధం చెప్పేశాను. పెదనాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని, "గదైతే మీ పెద్దమ్మకు చెప్పుకో. గడపల నిలబడి ఉండె గద, ఇన్నది ఆమె" అన్నాడు. జేసీబీ చప్పుడు వినిపిస్తే ఇద్దరం లేచాం.

ఆ సాయంత్రం పెద్దమ్మ అన్నం పెట్టింది. పన్నెండేళ్లుగా ఎలా పెడుతోందో అలాగే, కూర ఇంకొంచెం వేసి. నేను నోరు తెరిచాను. "తిను బిడ్డా, సల్లారుతది" అంది. ముప్పై ఆరేళ్ల మనిషిని, ఇవాళ నా కింద ముగ్గురికి పని నేర్పేవాడిని, తలొంచుకుని తిని వచ్చేశాను. అందుకే ఇదంతా కాగితం మీద పెట్టాను. పెద్దమ్మకు చూపు మందగించింది, తనంతట తాను చదువుకునే వీలు లేదు. వచ్చే ఆదివారం వెళ్లి నేనే చదివి వినిపించాలనుకుంటున్నాను. అనుకుంటున్నానని రాస్తుంటేనే నా మీద నాకు నవ్వొస్తోంది.