జిగురు నేల మీద అగ్గిపుల్ల

నిరుడు తిరువూరులో టైలరింగు షాపు కోసం ఒక గది అద్దెకు తీసుకున్నాను. అంతకుముందున్నవాళ్లు అంటించిన మ్యాటు పీకేస్తే జిగురంతా సిమెంటు నేలకే ఉండిపోయింది. అది పోతేగానీ రంగు వేయలేం. పెనుగొలను నుంచి వచ్చిన మేస్త్రీ సుబ్బారావుగారు దాని మీద రంగుల్లో కలిపే థిన్నరు పోసి, "నానాక గీకుదాం, తలుపులు తీసే ఉంచండమ్మా" అని టీకి వెళ్లారు.

రోడ్డు మీది దుమ్ము వచ్చి జిగురుకు అంటుకుంటోందని నేను తలుపులు మూసేశాను. వాసన భరించలేకపోయాను. శుక్రవారం కదా, లక్ష్మీదేవి పటానికి అగరొత్తులు వెలిగిస్తే వాసనా పోతుంది, పూజా అవుతుందనుకున్నాను. మొదటి పుల్ల గీస్తే అంటుకోలేదు. రెండోది తీస్తుండగా మేస్త్రీ తలుపు నెట్టుకొచ్చి, అగ్గిపెట్టె లాక్కుని, నన్ను చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చారు.

"బుద్ధుందా నీకు? ఆ థిన్నరు ఆవిరికి గదంతా భగ్గుమనేది" అని అరిచారు. రోడ్డు మీద నలుగురూ చూశారు. నాకు ఏడుపొచ్చింది. అంతలో ఆయనే మెట్టు మీద కూలబడి, "ఏమనుకోకండమ్మా, నోరు జారాను" అన్నారు. ఆయన చేతికి మోచేతి దాకా ఉన్న కాలిన మచ్చను రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను. ఎలా అయిందని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పటికీ శుక్రవారం అగరొత్తులు వెలిగిస్తాను, తలుపులు బార్లా తీశాకే.