తూటల కాడ వైర్లెస్ సెట్టు

1994 ఎండకాలం. కరీంనగర్ నుంచి చొప్పదండి పోయే తొవ్వల, మెయిన్ రోడ్డు ఇడిసి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే ఒక గ్రానైట్ క్వారీ ఉండె. ఆ క్వారీల వైర్లెస్ సెట్లు పెట్టింది నేనే. పదకొండో రోజు వాటిని బంద్ పెట్టించి, ఓనర్‌తోని కొట్లాడింది గూడ నేనే. ముప్పై ఏండ్ల నౌకర్ల శానా సెట్లు పెట్టిన, శానా మందితోని తిట్లు తిన్న. గని ఎవరన్న "నీ పనిల మర్చిపోలేనిది ఏంది సదానందం" అనడిగితే నాకు ఆ పదకొండో రోజే యాదికొస్తది.

మాది హుజూరాబాద్. రేడియోలు బాగుచేసే దుకాణంల పని నేర్చుకున్న, ఐటీఐ చేసిన, ఆ తర్వాత హైదరాబాద్‌ల వైర్లెస్ సెట్లు అమ్మే ఒక కంపెనీల ఇంజినీర్‌గ చేరిన. ఇంజినీర్ అంటే పెద్దగ అనుకోకున్రి. పోల్ ఎక్కుడు, యాంటెన్నా కట్టుడు, మాట్లాడుడు నేర్పుడు, ఖరాబైతే పోయి నిలవడుడు, అన్నీ నేనే. అప్పట్ల సెల్‌ఫోన్ అంటే పేపర్ల బొమ్మ చూసుడే. మామూలు ఫోన్‌కు అర్జీ పెట్టుకుంటే ఎప్పుడొస్తదో దేవునికే ఎరుక. ఆదిలాబాద్ పత్తి మిల్లులోళ్లు, పెద్దపల్లి రైస్‌మిల్లులోళ్లు, లారీలోళ్లు, అందరు వీహెచ్ఎఫ్ అనే వైర్లెస్ సెట్ల దిక్కు చూసుడు షురూ చేసిన్రు. ఢిల్లీ నుంచి లైసెన్సు తెచ్చుకోవాలె, వాళ్లిచ్చిన ఫ్రీక్వెన్సీలనే మాట్లాడాలె. ఆఫీసుల పెట్టే పెద్ద సెట్టును బేస్ స్టేషన్ అంటం. చేతుల పట్టుకొని తిరిగేది హ్యాండ్‌సెట్. దాని పక్కకు ఒక బటన్ ఉంటది, దాన్ని పీటీటీ అంటం. నొక్కితే మన మాట పోతది, ఇడిస్తే అవతలి మాట వస్తది. గంతే.

క్వారీ ఓనర్ లింగారెడ్డి. పనోళ్లందరు పటేలా అని పిలిచేది, నేను గూడ అట్లనే పిలిచేది. మనిషి మంచోడే గని నోరు జర దురుసు. కరీంనగర్ ఆఫీసుల ఒక బేస్ స్టేషన్, క్వారీ షెడ్డుల ఒకటి, పనోళ్ల చేతికి నాలుగు హ్యాండ్‌సెట్లు పెట్టిన. నడుమ గుట్ట అడ్డమొచ్చి మొదట మాట పోలే. మూడు రోజులు మూడు చోట్ల యాంటెన్నా మార్చి, చివరికి నీళ్ల ట్యాంకు మీద నలభై ఫీట్ల పైపు నిలవెట్టిన. "హలో పటేలా" అంటే కరీంనగర్ నుంచి "ఆఁ చెప్పు" అని వినవడ్డది. ఆ రోజు నా సంబురం చూడాలె!

క్వారీల పద్నాలుగు మంది పని చేసేది. మేస్త్రి కొమురయ్య. తూటలు పేల్చే బ్లాస్టర్ ఓదెలు. ఓదెలు నాకంటే పదేండ్లు పెద్ద, ఇరవై ఏండ్ల సంది అదే పని. రాయికి బోర్లు కొట్టి, అండ్ల మందు దట్టించి, జర కరెంటు తాకితేనే పేలే డిటోనేటర్ పెట్టి, దాని వైర్లు దూరందాక తీసి, ఎక్స్‌ప్లోడర్ అనే చిన్న డబ్బతోని కరెంటు ఇస్తడు. పేల్చే ముందు వాళ్లకొక కట్టుబాటు ఉండె. షెడ్డు ముందర రైలుపట్టా ముక్క ఒకటి వేలాడేది. దాన్ని ఇనుప రాడ్‌తోని మూడుసార్లు కొట్టాలె, తొవ్వకు రెండు దిక్కుల ఎర్రగుడ్డ పట్టుకొని మనుషులు నిలవడాలె. అందరు తప్పుకున్నరని ఓదెలు కండ్లతోని చూసుకున్నంకనే పేల్చాలె.

నేనేం చేసిన్నంటే, సెట్లు పెట్టిన సంబురంల, పద్నాలుగు మందిని కూసోవెట్టి లెక్చర్ కొట్టిన. "ఇగ ఆ పట్టా కొట్టుడు ఎందుకే? మిషన్ చప్పుడుల ఎవలికి వినవడ్తది? ఓదెలన్న పక్కన కొమురన్న నిలవడి సెట్టుల చెప్తె అందరికి ఒక్కపారే తెలుస్తది" అన్న. అందరు తలకాయలూపిన్రు. ఓదెలు ఒక్కడే ఊపలే. "పట్టాకు బ్యాటరీ అయిపోదు గద సార్" అన్నడు. నేను నవ్విన. ఆ నవ్వు యాదికొస్తే ఇప్పటికి నాకు సిగ్గైతది.

పదకొండో రోజు పొద్దుగాల, సెట్లు ఎట్ల పనిచేస్తున్నయో చూద్దామని పోయిన. ఇంకో ఐదుగురు క్వారీలోళ్లు ఇక్కడి పని చూసి ఆర్డర్ ఇద్దామని ఎదురుచూస్తున్నరు, అందుకని గట్టిగనే చెక్ చేద్దామనుకున్న. బండ పైన ఓదెలు మోకాళ్ల మీద కూసొని వైర్లు కలుపుతుండు. అతనికి రెండు అడుగుల దూరంల కొమురయ్య, చేతుల హ్యాండ్‌సెట్. నేను దగ్గరికి పోయిన. బోర్ల నుంచి వచ్చిన డిటోనేటర్ వైర్లు రాయి మీద ఇటు కొంత అటు కొంత పరుచుకొని ఉన్నయి.

జీవితమంతా యాంటెన్నా వైర్లు కత్తిరించినోన్ని. ఆ వైర్లను చూడంగనే నాకు యాంటెన్నానే కనవడ్డది. ఇటొక ముక్క, అటొక ముక్క, నడుమ ఒక లోడు, అంటే కరెంటు పోయి చేరేది. మాకు ఆ లోడు సెట్టు. ఇక్కడ ఆ లోడు డిటోనేటర్! సెట్టు నొక్కితే గాలిలకు పోయే కరెంటును ఆ వైర్లు గుంజుకోవచ్చు. మా సెట్టు పుస్తకంల ఆఖరి పేజీల చిన్న అక్షరాలతోని రాసి ఉన్నది, పేలుడు సామాను కాడ వాడొద్దని. ఆ పేజీ నేను చదివిన. చదివి, పత్తి మిల్లులల్ల దానితోని పనేముందని మర్చిపోయిన.

కొమురయ్య సెట్టు నోటి కాడికి లేపిండు. బొటనవేలు బటన్ మీద ఉన్నది.

"నొక్కకు! కొమురన్నా, నొక్కకు!" అని ఒర్రిన. నా గొంతు నాకే కొత్తగ వినవడ్డది. కొమురయ్య బిత్తరపోయి చెయ్యి దించిండు. ఉరికిపోయి సెట్టు గుంజుకొని బ్యాటరీ ఊడదీసిన. ఓదెలును చూసి "అన్నా, వైర్ల కొనలు ఒకదానికొకటి మెలేసి పెట్టు, లే అక్కడికెల్లి" అన్న. ఆయన ఎందుకని అడగలే. మెలేసిండు, లేచిండు. కొనలు కలిస్తే బయటి కరెంటు డిటోనేటర్‌కు తాకుడు తగ్గుతది. మిగిలిన మూడు హ్యాండ్‌సెట్లు జమ చేసి సంచిల వేసుకొని, షెడ్డుల బేస్ స్టేషన్ గూడ బంద్ చేసిన. అప్పుడు కూసున్న.

అందరు నా చుట్టు నిలవడ్డరు. సంగతి చెప్పిన, దాచుకోలే. ఓదెలు బీడీ ముట్టించుకోను జేబుల చెయ్యి పెట్టి, మల్ల తీసిండు.

"నొక్కితే పేలేదా సార్?"

"తెల్వదు ఓదెలన్నా. పేలొచ్చు, పేలకపోవచ్చు."

"అంటే పదిరోజుల సంది నా పానం తెల్వదు మీద పెట్టినవా?"

తలకాయ కిందికి వేసుకున్న. ఓదెలు గట్టిగ అనలే, తిట్టలే. తిట్టినా బాగుండు.

కరీంనగర్ ఆఫీసు నుంచి పిలిస్తే ఎవ్వరు పలుకుతలేరని, అర్ధగంటల లింగారెడ్డి జీపేసుకొని దిగిండు. "సెట్లు బంద్ చేసినోడెవడు?" దిగుడు దిగుడే అదే మాట.

"నేనే పటేలా."

సంగతంతా విన్నడు. వినుకుంట మొఖం ఎర్రగైంది. "పట్టా బంద్ పెట్టుమన్నది నువ్వే, ఇప్పుడు సెట్టు బంద్ పెట్టుమనేది నువ్వే. మేమేమన్న పిచ్చోళ్లమా? పది రోజుల సంది సెట్టుల చెప్పే పేలుస్తున్నరు. ఏమైంది?"

"ఏం గాలే. ఇయ్యాల గూడ ఏం గాకపోవచ్చు."

"మరింకేంది? క్రేన్ వచ్చి నిలవడ్డది. సెట్లు ఇయ్యి, నీ తొవ్వ నువ్వు వట్టు."

"ఇయ్య."

"ఏమన్నవ్?"

"ఇయ్య పటేలా. మా కంపెనోళ్లకు చెప్పుకో, నా నౌకరి తీయించు. ఆ బోర్లు పేలేదాక ఈ క్వారీల ఒక్క సెట్టు సంచిల నుంచి బయటికి రాదు." నేను మామూలుగ గింత మొండోన్ని గాదు. ఆ రోజెందుకో భయం మీద కోపం, కోపం మీద సిగ్గు, అన్నీ కలిసి నన్ను అట్ల నిలవెట్టినయి. లింగారెడ్డి నన్ను కొడ్తడేమో అనుకున్న. నోటితోని చెప్తె ఈయన నమ్మడని సమజైంది. "అర్ధగంట ఇయ్యున్రి, కండ్లకు చూపెడ్త" అన్న.

కొమురయ్యను ఎర్రగుడ్డతోని కావలి పెట్టి, లింగారెడ్డిని, ఓదెలును జీపు ఎక్కించుకొని నాలుగు కిలోమీటర్లు, మెయిన్ రోడ్డు దాక తీస్కవోయిన. అక్కడ ఒక చాయ్ హోటల్ ఉండె. చెక్క బల్ల మీద నా సంచిల ఉన్న రాగి వైరు మూరెడు మూరెడు రెండు ముక్కలు పరిచిన. నడుమ చిన్న టార్చిలైటు బల్బు కట్టిన. సెల్లు లేదు, కరెంటు లేదు. ఓదెలు బల్ల కిందికి వంగి చూసిండు, ఏమన్న దాచిపెట్టిన్నా అని. ఎండకు కనవడదని తన తువ్వాలతోని బల్బు మీద నీడ పట్టిండు. నేను సెట్టుకు బ్యాటరీ వేసి, వైరు పక్కకు తెచ్చి బటన్ నొక్కిన.

బల్బు ఎర్రగ మిణికింది. ఇడిసిన. ఆరింది. మల్ల నొక్కిన. మల్ల మిణికింది.

చాయ్ పోసేటాయన "అరె, ఏం మాయనే!" అన్నడు. లింగారెడ్డి చాయ్ గ్లాసు అట్లనే పట్టుకొని నిలవడ్డడు. ఓదెలు తువ్వాల తీసి భుజం మీద వేసుకొని, "అండ్ల డిటోనేటర్ ఉంటే..." అని ఆపేసిండు.

"గీ ముచ్చట అమ్మేటప్పుడు చెప్పొద్దా?" అన్నడు లింగారెడ్డి. ఈసారి గొంతుల కోపం తగ్గింది.

"చెప్పాలె పటేలా. చెప్పలే. తప్పు నాదే."

"అయితే నాకు నీ సెట్లే వద్దు. అన్నీ పీక్కపో."

పీక్కపోదామనే అనుకున్న. నడుమల ఓదెలు మాట్లాడిండు. "వద్దనకు పటేలా. పోయినేడు రాయి జారి కొమురయ్య తమ్ముని కాలు మీద పడితె, జీపు కోసమని ఒగడు రోడ్డు దాక సైకిల్ తొక్కిండు. దవాఖానకు పోయేసరికి పొద్దు గూకింది. కాలు తీసేసిన్రు. సెట్టు ఉంటె ఆ కాలు దక్కేదేమో. మాకు సెట్టు కావాలె. పట్టా గూడ కావాలె."

ఇరవై ఏండ్లు తూటలు పేల్చినోడు రెండే ముక్కలల్ల చెప్పిండు, నేను లెక్చర్ కొట్టి ఆగం చేసిన పనిని. అక్కడికక్కడ చాయ్ హోటల్‌ల కూసొని కట్టుబాటు రాసుకున్నం. మందు దట్టించుడు మొదలు పెట్టంగనే హ్యాండ్‌సెట్లన్నీ బ్యాటరీలు ఊడదీసి షెడ్డుల చెక్క పెట్టెల పెట్టాలె. బేస్ స్టేషన్ బంద్ చేయాలె. పెట్టె తాళంచెవి ఓదెలు మొలతాడుకు ఉండాలె, పటేలు అడిగినా ఇయ్యొద్దు. పట్టా మూడుసార్లు కొట్టాలె, ఎర్రగుడ్డలు నిలవడాలె. పేలినంక, పేలని బోరు ఏమన్న ఉన్నదా అని ఓదెలు చూసి, అప్పుడు పెట్టె తీయాలె. "పటేలు అడిగినా" అన్న కాడ లింగారెడ్డి నా దిక్కు ఒకసారి చూసిండు. ఆ మాటను నేను కొట్టెయ్యలే. ఆయన సంతకం పెట్టిండు.

"ఇంకొకటి," అన్నడు ఓదెలు. "ఇయ్యాల పేల్చేటప్పుడు సార్ నా పక్కన ఉండాలె."

"ఉంట" అన్న.

లింగారెడ్డి మమ్మల్ని క్వారీ కాడ దింపి కరీంనగర్ మర్లిపోయిండు. మేం సెట్లు పెట్టెల వేసి తాళమేసినం. కొమురయ్య పట్టా కొట్టిండు. ఖంగు ఖంగుమని గుట్టకు తాకి వాపసొచ్చింది. మిషన్లు బంద్ పెట్టించిన్రు కాబట్టి ఆఖరోనికి గూడ వినవడ్డది. మిషన్లు ఆపితే సరిపోయే ముచ్చటకు నేను పట్టానే బంద్ పెట్టించిన, ఏం తెలివి నాది! ఓదెలు పక్కన పెద్ద రాయి చాటుకు కూసున్న. ఆయన అందరిని కండ్లతోని లెక్కపెట్టిండు, ఎక్స్‌ప్లోడర్ తిప్పిండు. నేల అదిరింది. మందు వాసన ముక్కులకు కొట్టింది. దుమ్ము తగ్గినంక ఆయన ఒక్కడే పోయి ప్రతి బోరు చూసి వచ్చిండు.

పెట్టె తీసి, బేస్ స్టేషన్ ఆన్ చేయంగనే కరీంనగర్ నుంచి లింగారెడ్డి గొంతు. "ఎవరన్న పలుకున్రి. ఏమైంది? పలుకున్రిరా."

కొమురయ్య సెట్టు తీయబోతే ఓదెలు చెయ్యి చాపిండు. పది రోజుల్ల ఆయన ఒక్కసారి గూడ సెట్టు ముట్టలే. బటన్ ఎక్కడని నన్నడిగి, నొక్కి, నోటికి బాగ దగ్గర పెట్టుకొని, అందరి దిక్కు ఒక్కొక్కరిని చూసుకుంట చెప్పిండు. "పద్నాలుగు మందిమి పటేలా. వైర్లెస్ సారుతోని పదిహేను. అందరం ఉన్నం."

నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి, దుమ్మని చెప్పి తుడుచుకున్న.

ఆ నెలాఖరుకు హైదరాబాద్‌ల మా మేనేజర్ నన్ను పిలిపించి మంచిగనే తిట్టిండు, ఐదు ఆర్డర్లల్ల రెండు పోయినయని. మిగిలిన మూడు క్వారీలల్ల ముందుగాల బ్లాస్టర్‌ను పిలిపించుకొని మాట్లాడినంకనే సెట్టు అట్టపెట్టె విప్పిన. ఆ తర్వాత ఏండ్లల్ల పేజర్లొచ్చినయి, సెల్‌ఫోన్లొచ్చినయి, కొత్తది ఏదొచ్చినా అది చేసే పని కంటే ముందు, అది పోయే కాడ ఇదివరకు ఏం పని నడుస్తున్నదో, ఎవరు ఎట్ల చేస్తున్నరో అడుగుడు నాకు అలవాటైంది. మొదటి పది రోజులు ఎవ్వరికేం కాకపోవుడు మా నసీబు. పదకొండో రోజు నుంచి ఎవ్వరి పానాన్ని నేను నసీబు మీద ఇడిసిపెట్టలే.