అద్దాలాయన కొన్న ఎత్తు బండి

మా వీధి చివర గాజు పలకలు కోసి కిటికీలకు బిగించే ఆయనకు కొండ మీద ఇంకో సంసారం ఉందనీ, అక్కడికి వెళ్ళి రావడానికే కొండలెక్కే బండి కొన్నాడనీ ఒక మాట తిరుగుతోంది. ఆ మాట మా గేటు దగ్గరే పుట్టిందని కూడా అంటున్నారు. అందులో సంసారం ముక్క శుద్ధ అబద్ధం. గేటు ముక్కలో కాస్త నిజం ఉంది కాబట్టే ఇది రాయడానికి కూర్చున్నాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాలు వంకర పోవచ్చు గాని సంగతి వంకర పోదు.

నేనన్నది ఇంతే. బండి ఇంటికొచ్చిన రోజు గేటు దగ్గర నిలబడి ఎదురింటి టైలరమ్మతో "కొండలెక్కే బండి తెచ్చాడు, ఏ కొండెక్కుతాడో ఏమో" అన్నాను. టైలరమ్మ మిషను తొక్కుతూ తొక్కుతూ పేపరాయనతో "కొండ మీద ఏదో పని పడిందట" అంది. పేపరాయన మందుల షాపులో "కొండ మీద ఎవరో ఉన్నారట" అన్నాడు. సాయంత్రానికి ఆ ఎవరో ఆడమనిషి అయింది. తెల్లారేసరికి ఆవిడకు ఇద్దరు పిల్లలు, పెద్దవాడిది అచ్చం అద్దాలాయన ముక్కేనట. మా ఊరి చుట్టుపక్కల అసలు కొండన్నదే లేదు. ఉన్నదల్లా ఒక కంకర క్వారీ. అదీ గొయ్యి.

అద్దాలాయనకు యాభై ఎనిమిదేళ్ళు. మాట మెత్తన, నడక మెత్తన, ఆయన తలుపేస్తే గాలి వేసిందనుకుంటాం. జీవితమంతా పగిలేదానితో కాపురం చేసిన మనిషి ఇంకెలా ఉంటాడు? వాళ్ళ ముందుగదే కొట్టు. మధ్యలో కంబళి పరిచిన పెద్ద బల్ల. దాని మీద గాజు పలకను పడుకోబెట్టి, కోసే పెన్నును కిరసనాయిల్లో ముంచి, బద్ద ఆనించి సర్రున ఒక్క గీత గీస్తాడు. రెండోసారి గీసేవాడు పనివాడే కాదంటాడు. గీతను బల్ల అంచుకు తెచ్చి రెండు చేతులతో చిన్నగా వంచితే బిస్కెట్టు విరిగినట్టు విరుగుతుంది. అవతలి అంచు పట్టుకునేది ఎప్పుడూ ఆయన భార్యే. ఆవిడ నన్ను వదినా అంటుంది, ఆయన అక్కయ్యా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, ఇరవై ఆరేళ్ళ ఇరుగుపొరుగు.

ఆవిడకు ఇంకో పని కూడా ఉండేది, అది ఇంకెవరికీ చేతకాదు. పాత పికప్ బండి వెనక తొట్టిలో చెక్క స్టాండుకు గాజు పలకలను నిలబెట్టి తాళ్ళతో కట్టేవాళ్ళు. ఆవిడ ఆయన పక్కన కూర్చుని, వెనక ఉన్న చిన్న కిటికీ జరిపి, చెయ్యి బయటికి చాపి, జ్వరం చూసినట్టు గాజు మీద అరచెయ్యి ఆనించేది. గాజు వణికితే "నెమ్మది" అనేది. ఇంకా వణికితే "ఆపు" అనేది. ఇరవై రెండేళ్ళలో ఆ బండిలో పగిలినవి మూడే పలకలట. అందులో ఒకటి ఆవిడ తుమ్మినప్పుడు.

అలాంటి బండిని ఆయన ఒకరోజు ఆవిడతో మాట మాత్రం చెప్పకుండా పాత ఇనుము వాడికి అమ్మేశాడు. ఇంజను పోయిందట, బాగుచేయడం దండగట. అన్నం తింటూ, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు, "బండి అమ్మేశాను" అన్నాడట. ఆవిడ కళ్ళజోడు దాన్లోనే ఉంది, నడుముకు పెట్టుకునే దిండు దాన్లోనే ఉంది, ఇరవై రెండేళ్ళు ఆవిడ కూర్చుని కూర్చుని గుంట పడిన సీటూ దాన్లోనే ఉంది. ఆవిడ చెయ్యి కడుక్కుని లేచింది. అంతే. ఆ పూట నుంచి ఆయనతో మాట బంద్.

ఒక రోజు కాదు, వారం కాదు, నాలుగు నెలలు. వంట చేసేది, గాజు అంచు పట్టుకునేది, బట్టలు మడతపెట్టేది, నోరు మాత్రం విప్పేది కాదు. ఏదైనా చెప్పాల్సి వస్తే మధ్యలో నేను.

"వదినా, లప్పం డబ్బా మూత ఎక్కడ పెట్టారో అడగండి" అనేది. ఆయన మూడడుగుల దూరంలో నిలబడి ఉండేవాడు.

"కిటికీ గట్టు మీద ఉందని చెప్పక్కయ్యా" అనేవాడు ఆయన.

"కిటికీ గట్టు మీద ఉందట" అని నేను చెప్పేదాన్ని. నేను లేని వేళల్లో ఆవిడ వస్తువులతో చెప్పేది. "ఓ సుత్తీ, అన్నం చల్లారిపోతోంది" అని గుమ్మం బయటి నుంచి నా చెవులతో విన్నాను. సుత్తికి బదులు ఆయన లేచి వెళ్ళి తినేవాడు.

పైకి నవ్వులాటగా ఉన్నా మనిషి చిక్కిపోయాడు. బాడుగ బండిలో గాజు తీసుకెళ్తుంటే నాలుగు నెలల్లో ఐదు పలకలు పగిలాయి. దానికి కాదు ఆయన బెంగ. ఒకరోజు నాతో అన్నాడు, "అక్కయ్యా, ఆవిడ తిట్టినా బాగుండును. ఇంట్లో గోడ గడియారం చప్పుడు ఇంత పెద్దదని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు." ఆయన్ని చూస్తే తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు, మింగలేడు కక్కలేడు.

చివరికి కొత్త బండి కొనాలనుకున్నాడు. ఈసారి ఆవిడను అడక్కుండా కొంటే ఇక జన్మలో మాట్లాడదని ఆయనకూ తెలుసు. నా ద్వారానే కబురు పెట్టాడు. ఆవిడ అక్కడే కూర్చుని బొగడాలు ఏరుతోంది, అంటే గాజును చెక్కకు బిగించే చిన్న మేకులన్నమాట.

"బండి చూడ్డానికి వెళ్తున్నాను. చెయ్యి పెట్టి చూసేవాళ్ళు కావాలని చెప్పక్కయ్యా."

"గాజు కోసం వస్తానని చెప్పండి వదినా. మనుషుల కోసం కాదు."

మాట మోసేది నేనైనప్పుడు నేనూ వెళ్ళాలి కదా. ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఇంట్లోవాళ్ళు అననే అన్నారు. కత్తిపీట వెళ్ళింది.

షోరూములో నేల ఎలా ఉందంటే మన చెప్పులు చూసుకుని మనకే సిగ్గేస్తుంది. టై కట్టుకున్న సేల్సాయన, మా పెద్దల్లుడి వయసుంటుంది, ఒకేలా ఉన్న రెండు బండ్ల మధ్య నిలబడ్డాడు. "రెండూ ఒక తల్లి పిల్లలేనమ్మా. ఇది తారు రోడ్డు కోసం. కిందకి ఉంటుంది, స్ప్రింగులు మెత్తన, టైర్లు నున్నన, చప్పుడుండదు. అది ఆఫ్‌రోడ్ మోడల్. మట్టీ, రాళ్ళూ, గుట్టలూ దేనికైనా సరే. జానెడు ఎత్తు ఎక్కువ, గరుకు టైర్లు, అడుగున ఇనప రేకు, నాలుగు చక్రాలూ లాగుతాయి. మోకాలి లోతు నీళ్ళలో కూడా పోతుంది."

"నీళ్ళలో కిటికీలు ఎవరు పెట్టించుకుంటారు నాయనా" అన్నాను.

అద్దాలాయన జేబులోంచి టేపు తీసి నేల నుంచి తొట్టి అంచుకు కొలిచాడు. మొదటి బండిది ఆయన నడుము దగ్గరికి వచ్చింది, రెండోది రొమ్ము దగ్గరికి. రోజుకు ఇరవై సార్లు గాజు ఎత్తి పెట్టేవాడికి ఆ జానెడు అంటే మాటలు కాదు. ఇంక చూడ్డానికేముంది, మొదటిదే తీసుకో అన్నాను. "వచ్చాం కదా అక్కయ్యా, రెండూ చూద్దాం" అన్నాడు. ఇంటి నుంచి తెచ్చిన స్టాండును మొదటి బండి తొట్టిలో బిగించి, దానికి ఒక గాజు పలక కట్టాడు.

ముందు ఆయనా సేల్సాయనా, వెనక సీట్లో మేమిద్దరం. ఆవిడ కిటికీ జరిపి గాజు మీద చెయ్యి వేసింది. ఆ బండి ఎలా పోయిందని చెప్పను? పసిపిల్లను జోకొడుతున్నట్టు పోయింది. నాకైతే కునుకు కూడా పట్టింది. ఊరంతా ఒక చుట్టు తిరిగాక ఆయన ఎటో చూస్తూ "ఎలా ఉంది" అన్నాడు.

"బాగుందని చెప్పండి వదినా."

"బాగుందట" అన్నాను.

సేల్సాయన వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి "అమ్మగారికి వినపడదా అండీ" అన్నాడు.

"వినపడుతుంది నాయనా. అదే చిక్కు" అన్నాను.

తిరిగొచ్చి స్టాండునూ పలకనూ రెండో బండిలోకి మార్చారు. అద్దాలావిడ పొట్టిమనిషే గాని బండ్లలో పుట్టి పెరిగినట్టు పిడి పట్టుకుని ఎక్కేసింది. ఆయన చెయ్యి అందించబోతే చూడనట్టు ఊరుకుంది. ఇక నా వంతు. ఒక కాలు పైన పెడితే రెండో కాలు నాతో రానంది. మూడుసార్లు ప్రయత్నించాను. మోకాళ్ళు మొరాయించాయి. వెనకనుంచి తోయనా అని సేల్సాయన మర్యాదగానే అడిగాడు. నేనూ మర్యాదగానే వద్దన్నాను.

"నేను లేకపోతే వీళ్ళ మధ్య మాట ఎవరు మోస్తారు" అని అడిగాను.

"నేను చూసుకుంటానమ్మా, మీరు కూర్చుని టీ తాగండి" అన్నాడు సేల్సాయన.

అలా వెళ్ళిపోయారు, షోరూము వెనక ఇంకా తారు వెయ్యని కొత్త రోడ్డు వైపు. మా వీధిలో ఇరవై ఆరేళ్ళుగా నా కన్నుగప్పి చీమ కూడా దాటలేదు. అసలైన అరగంట మాత్రం నేను గాజు బల్ల ముందు కూర్చుని చల్లారిన టీ తాగుతూ పోగొట్టుకున్నాను.

తిరిగొచ్చేసరికి గాజు పలక ఈ మూల నుంచి ఆ మూలకు చీలిపోయి ఉంది. అద్దాలావిడ ముఖం కందగడ్డలా ఉంది. పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతూ దిగి, ఎవరివైపూ చూడకుండా పోయి నా పక్కన కూర్చుంది. సేల్సాయన టై భుజం మీదికి వెళ్ళిపోయింది. అద్దాలాయన మూతి అదోలా బిగబట్టుకుని ఉన్నాడు. పన్ను నొప్పేమో అనుకున్నాను. ఆయన పగిలిన గాజు అంచు మీద వేలు రాసి, "ఇదే రాయండి" అన్నాడు.

"ఏది సార్? మొదటిదా?"

"ఇదే. ఈ ఎత్తుదే."

సేల్సాయన నా వైపు చూశాడు. నేను ముక్కు మీద వేలేసుకున్నాను. ఆవిడ ఇంటి నుంచి చేతిలోనే తెచ్చుకున్న బొగడాల పొట్లం విప్పి మళ్ళీ కట్టింది, అంతే.

బండి వచ్చింది. అప్పటినుంచి చిత్రం ఏమిటంటే, నాకు పని పోయింది. ఆయన ఒక చెక్క మెట్టు చేసి, రోజూ పొద్దున్నే ఆవిడ కోసం బండి పక్కన పెడతాడు. ఆవిడ ఎక్కాక మెట్టు తీసి తొట్టిలో వేస్తాడు. ఇంజను మొదలవడానికి ముందే ఆవిడ మొదలవుతుంది. "ఆ కంబళి అలాగేనా కట్టేది? నెమ్మది, నెమ్మది అంటే వినపడదూ? ఆ బస్సువాడు నిన్ను దాటిపోతే నీ ఆస్తేమైనా పోతుందా?" బస్సేమిటి, సైకిళ్ళు కూడా ఆయన్ని దాటిపోతున్నాయి. గుట్టలెక్కే బండిని నున్నటి తారు మీద పెళ్ళినడక నడిపిస్తున్నాడు. స్టాండుకు కంబళ్ళు రెండు వరసలు కట్టాడు. గాజు ఎత్తేటప్పుడు ముందు ఆ చెక్క మెట్టెక్కి, తర్వాత మూలుగుతాడు.

సరే, మొగుడూ పెళ్ళాలు కలిశారు, సంతోషం. కానీ గాజు పగిలిన బండే ఎందుకు కొన్నాడు? ఈ ప్రశ్న నన్ను తిననివ్వలేదు. కాగితాలేవో కావాలన్న వంకతో షోరూముకు వెళ్ళి సేల్సాయన్ని పట్టుకున్నాను. ఆయన నలువైపులా చూసి, "వాళ్ళ సంసారం సంగతి నేను చెప్పకూడదమ్మా. ఒక్కటి చెప్తాను. ఆయన మంచి డ్రైవరే. కానీ లారీలు రెండు పక్కపక్కన పోయేంత రోడ్డులో, వెతికి వెతికి ఆ పెద్ద గుంతలోకే ఎందుకు దించాడో నాకు ఇప్పటికీ తెలియదు" అన్నాడు. అది విని ఇంకా చిక్కుపడ్డాను.

ఈలోగా కొండ మీది సంసారం మాట తిరిగి తిరిగి అద్దాలావిడ చెవికి చేరింది. నేరుగా మా ఇంటికే వచ్చింది.

"వదినా, ఆ కొండ మీదావిడ ఇల్లు ఎటు వైపో కనుక్కుని చెప్పండి" అంది. "ఈయనకు గురకొస్తుంది, రాత్రిళ్ళు ఎటువైపు తిప్పి పడుకోబెట్టాలో ఆవిడకు తెలుసో తెలియదో. ఒక చీటీ రాసి పంపిస్తాను."

నవ్వుతూనే అంది గాని, పోతూ పోతూ మా గేటు వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుతో నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. అంత కష్టపడి తెరిచిన నోరు నా మాట వల్ల మళ్ళీ మూతపడితే ఆ పాపం నాదే. చుట్టూ తిరిగి తెలుసుకునే అలవాటు పక్కన పెట్టి, నా జన్మలో మొదటిసారి, ఆ మనిషినే సూటిగా అడుగుదామని బయల్దేరాను.

వెళ్ళేసరికి ఆయన బల్ల దగ్గర ఉన్నాడు. ఆవిడ లోపల స్టవ్వు మీద ఏదో పెడుతూ, అక్కణ్ణించే ఆయన్ని గోడ మీది మేకు విషయంలో దులిపేస్తోంది. ఆయన చెవులు అటే పెట్టి, రేడియోలో పాట వింటున్నట్టు తల ఊపుతున్నాడు. గీత గీసిన పలక ఒకటి బల్ల మీద ఉంది. నేను అవతలి అంచు పట్టుకున్నాను.

"తమ్ముడూ, నువ్వు ఎక్కడానికి కొండ లేదు, దాటడానికి ఏరు లేదు. ఎత్తు ఎక్కువ, కుదుపు ఎక్కువ, పైగా గాజు పగిలింది. ఆ మెత్తటి బండిని కాదని దీన్ని ఎందుకు కొన్నావు?"

ఆయన పలకను నెమ్మదిగా వంచాడు. టక్కుమని విరిగింది. చెరో సగం మా చేతుల్లో ఉంది. లోపలి గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ మెత్తటి బండిలో ఊరంతా తిరిగాం కదా అక్కయ్యా, నాతో ఒక్క మాట అందా? దీన్లో మొదటి గుంత తగలగానే, నాలుగు నెలల తర్వాత, నన్నే, నా వైపే చూసి, 'కళ్ళు నెత్తికెక్కాయా' అంది. ఆ మొదటి గుంత నిజంగానే చూడలేదక్కయ్యా. రెండోది చూసే దింపాను."