కొంగు మూల పసుపు

దయ్యాల కథలు చెప్పేవాళ్లని ఆటపట్టించడంలో నాకు పేరుంది. మా ఊరు శ్రీముఖలింగానికి దగ్గర, వంశధార ఒడ్డున. చిన్నప్పుడు బడికి వెళ్లే దారి శ్మశానం పక్కనుంచే. అక్కడి రేగుపళ్లు మా అంత తిన్నవాళ్లు ఉండరు. ఒక్క దయ్యమైనా వచ్చి ఇవి మావి అనలేదు. అందుకే ఇది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. ఇంకొకరు రాసి ఉంటే నేనూ నవ్వేవాణ్ణే.

ముందు నా పని గురించి చెప్పాలి. ఆన్‌లైన్‌లో కొన్ని లోకాలుంటాయి. అక్కడ మనుషులు తమకు బదులుగా ఒక బొమ్మని తిప్పుతారు. దాన్ని అవతార్ అంటారు. ఆ అవతార్ల ఒంటి మీది బట్టలు అచ్చం నిజం బట్టల్లా కనిపించేట్టు చేయడం నా ఉద్యోగం. నేత, ముడతలు, వెలుగు పడినచోట మెరుపు, అన్నీ చూసుకోవాలి. రాజాంలో ఒక మేడ మీది వాటా అద్దెకు తీసుకుని అక్కడినుంచే చేస్తాను. ఎక్కడెక్కడివాళ్లో నేను చేసిన బట్టలు వేసుకు తిరుగుతారు. నా వాటాలో మాత్రం పలకరించే మనిషి లేడు. కొన్ని రోజులు కూరలబ్బాయితో ఆడిన బేరం తప్ప నోరు విప్పేదే ఉండదు.

ఈ పనిలో ఒక కిటుకుంది. బట్ట మొత్తాన్నీ ఫొటో తియ్యం. జానెడు ముక్క తీస్తాం. దాన్నే కంప్యూటర్ నేల మీద పలకలు పరిచినట్టు చీరంతా పరుస్తుంది. ముక్కలో ఏముంటే అదే అంతటా వస్తుంది. కొత్తలో ఒకసారి ఫొటోలో చీమ పడింది. నేను చూసుకోలేదు. పాపం, ఆ అవతార్ చొక్కా నిండా చీమల బారులే. మా టీమ్‌లో ఇప్పటికీ దాని మీద నన్ను ఏడిపిస్తారు.

ఇక మా అప్ప, అంటే మా అక్క. నా చిన్నతనంలోనే అమ్మ పోతే నన్ను పెంచింది అప్పే. కొత్త బట్ట ఏదైనా సరే, మూలన పసుపు బొట్టు పెట్టకుండా మమ్మల్ని కట్టుకోనిచ్చేది కాదు. అందరూ చేసేదే గానీ మా అప్పది మరీ పట్టుదల. బనీనుకీ పసుపే, తువ్వాలుకీ పసుపే. ఉంగరపు వేలితో అద్దేది. గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి ఆ వేలి కొసన అడ్డంగా ఒక గీత ఉండిపోయింది. తన చీరకి మాత్రం తను పెట్టుకునేది కాదు. కొంగు మూల నా ముందుకి చాపి, "నాకు నువ్వెట్టరా" అనేది. ఎవరికి వాళ్లు పెట్టుకోకూడదని ఆమె లెక్క. పెళ్లయి వెళ్లాక కూడా కొత్త చీర కొంటే నేను వచ్చేదాకా దాచి ఉంచేది.

నా ఉద్యోగం గురించి వివరిస్తే అంతా విని ఒకటే అడిగింది. "మరి ఆ బొమ్మలకి పసుపెవులెడతన్నార్రా?"

పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు.

కిందటి వానాకాలంలో జ్వరమొచ్చి అప్ప పోయింది. ఫోన్ మోగినప్పుడల్లా ఆమేనేమో అనుకోవడం మానడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఒక పెద్ద పని వచ్చింది. తెల్లటి ఖద్దరు బట్టలు ఒక వరస మొత్తం చెయ్యాలి. పొందూరు వెళ్లి బట్ట తెచ్చి ఫొటోలు తీశాను. మొదటి చీర పూర్తయింది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూస్తే కొంగు మూల పసుప్పచ్చటి మచ్చ.

ఫొటో తెరిచి చూశాను. మచ్చ లేదు. అసలు బట్టని ఎండలో పట్టి చూశాను. మల్లెపువ్వులా ఉంది. పోనీ ఫొటోలోనే మచ్చ ఉందనుకున్నా, చీమల్లాగా చీరంతా రావాలి కదా! వచ్చింది ఒక్కచోటే. నా కళ్ల తప్పేమో అనుకోవడానికీ లేదు. హైదరాబాద్‌లో ఉండే మా టీమ్ లీడ్ చూసి, కొంగు మీద ఆ మరకేమిటి, తీసెయ్యండి అని మెసేజ్ పెట్టింది.

చెరిపేశాను. పోయింది. రెండో రోజు రవిక పూర్తయ్యాక దాని అంచు మూల మళ్లీ అలాగే. తర్వాత పంచెకి, తర్వాత కండువాకి. సగం చేసి వదిలిన బట్ట మీద ఎప్పుడూ రాలేదు. పూర్తయ్యాక, అవతార్‌కి తొడిగేలోపు వచ్చేది. కంప్యూటర్ మార్చాను. ఫైళ్లన్నీ మొదటినుంచి మళ్లీ చేశాను. ఏం చేసినా అంతే.

కండువా మీద మచ్చని ఒక రోజు బాగా పెద్దది చేసి చూశాను. అందులో వేలిముద్ర ఉంది. దాని మధ్యలో అడ్డంగా, పసుపు అంటని సన్నటి తెల్ల గీత.

భయం వేసిందా అంటే, లేదు. ఏడుపొచ్చింది. అప్పటినుంచి చెరపడానికి చెయ్యి రాలేదు. ఆ ఇంట్లో నాకోసం వస్తున్నది అదొక్కటే. చెరపకపోతే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తామని లీడ్ గట్టిగానే చెప్పింది. చెరిపితే మళ్లీ రాదేమోనని నా దిగులు. పంపాల్సిన బట్టలు అలాగే ఆగిపోయాయి.

అంతలో మా బావ, అంటే అప్ప భర్త, ధాన్యం పని మీద రాజాం వచ్చి నా దగ్గరికి వచ్చాడు. నేనేమీ చెప్పలేదు. తెర మీద కండువా మూల పెద్దదిగా కనిపిస్తోంది. టీ గ్లాసు పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడు.

"ఇది మీ అప్ప ఏలు కాదేటిరా?" అన్నాడు.

అప్పుడు అంతా చెప్పాను. తుడవాలో ఉంచాలో తెలియడం లేదన్నాను. బావ భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"తుడిసీరా. మీ అప్ప పసుపెట్టిన బట్ట మనం ఉతక్కుండా దాసుకున్నామేటి? ఒక్క ఉతుకుకి పోయీది. మళ్లీ కొత్తది కొంటే మళ్లీ ఎట్టీది. ఎప్పుడైనా బాధపడిందేటి?"

బావ బస్సెక్కాక అన్నీ చెరిపి పంపించేశాను. పని నా చెయ్యి జారిపోలేదు.

మరునాడు ఎవరూ అడగని చీర ఒకటి మొదలుపెట్టాను. అదే ఖద్దరు, అప్పకి ఇష్టమైన మెంతిరంగు అంచు. ఆమె ఎత్తుకి, ఆమె కట్టుకి సరిపడేట్టు చేశాను. పూర్తయ్యాక లేచి వెళ్లి వంట చేసుకున్నాను. వచ్చి కొంగు చూశాను. మచ్చ లేదు. సాయంత్రం దాకా చూశాను. మర్నాడూ చూశాను. అన్ని బట్టలకీ పెట్టి, ఆమె కోసం చేసిన దానికే పెట్టలేదేమిటని చిన్నపిల్లాడిలా కోపం వచ్చింది.

కొంగు మూల తెర మీద నా వైపుకే చాపినట్టు ఉంది. అప్పుడు వెలిగింది.

మౌస్ పక్కన పెట్టేశాను. వంటింట్లోకి వెళ్లి పసుపు డబ్బా తెచ్చుకున్నాను. పసుపు తడిపి, ఉంగరపు వేలితో తెల్లకాగితం మీద అద్ది, ఫొటో తీసి, ఆ మచ్చని చీర కొంగు మూల పెట్టాను.

ఆ తర్వాత నేను చేసిన ఏ బట్ట మీదా పసుపు రాలేదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. కొత్త బట్ట పూర్తయినప్పుడు మాత్రం కాసేపు లేచి అవతలికి వెళ్తాను. తిరిగి వచ్చి ముందు మూలే చూస్తాను.

ఏమీ ఉండదు. నేనే పెడతాను. పంపేముందు చెరిపేస్తాను.