తాంగ్ సాబ్ పుస్తకానికి మూడో కుట్టు

"నేను విమానం ఎక్కినంకనే ఇయ్యుండ్రి రాజు సార్. గంతకు ముందు ఒద్దు. ఎవలడిగినా నా పేరు చెప్పకుండ్రి."

రాజేశం ఆ మాట చెబుతూ మంచం కింది నుంచి ఒక పొట్లం తీశాడు. పాత లుంగీ గుడ్డలో చుట్టి నాలుగు వైపులా టేపు వేసిన పొట్లం. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు గానీ చేతికివ్వలేదు.

"పచ్చడైతే మాత్రం నేను మోయనండీ. పోయినసారి మీవాళ్లెవరో ఇచ్చిన సీసా కారి నా చొక్కాలన్నీ పాడైపోయాయి," అన్నాడు బాపిరాజు.

"పచ్చడి గాదు సార్. పుస్తకం."

బాపిరాజు నవ్వబోయి ఆగాడు. పందొమ్మిదేళ్లుగా సౌదీలో ఏసీలు బాగుచేసుకుంటూ బతికిన రాజేశం చేతిలో ఎవరూ ఎన్నడూ పుస్తకం చూడలేదు. కోరుట్ల పక్క ఊళ్లో నాలుగో తరగతితో చదువు ఆపేసిన మనిషి. తెలుగైనా కూడబలుక్కుని చదువుతాడు.

శుక్రవారం మధ్యాహ్నం. జిజాన్ అవతల ఆ చైనా కంపెనీ క్యాంపులో అందరూ తిని పడుకున్నారు. కంపెనీ కాగితాలన్నీ చూసుకునే బాపిరాజు ఆ సాయంత్రమే ఫైళ్లతో రియాద్ ఆఫీసుకు బయలుదేరుతున్నాడు. వచ్చే గురువారం రాజేశం ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పోతున్నాడు. మళ్లీ రావడం ఉండదు.

"ఎవరిదండీ పుస్తకం?"

"తాంగ్ సాబుది."

ఏడు నెలల కిందట చనిపోయిన స్టోర్‌కీపర్ తాంగ్ క్యాంపులో అందరికీ తెలుసు. అరవై దాటిన మనిషి. ఖాళీగా పడి ఉన్న ఒక డబ్బా గదిని అడిగి తీసుకుని, తమవాళ్లు వదిలేసి వెళ్లిన పుస్తకాలన్నీ అందులో సర్ది గ్రంథాలయం చేశాడు. పుస్తకాల పెట్టెలు మోసింది రాజేశమే. జిజాన్ ఉక్కపోతలో పదకొండు పెట్టెలు మోసి చొక్కా పిండుకుంటుంటే ముసలాయన నవ్వి ఫోనులోకి ఏదో అన్నాడు. ఫోనులో అనువాదం చేసే ఆడగొంతు దాన్ని హిందీలో చెప్పింది. ఎవరికైనా పుస్తకాలు మరీ ఎక్కువుంటే, లాగే ఎద్దుకు చెమటలు పట్టేటన్ని అంటారట వాళ్ల దేశంలో.

"అంటే నేను ఎద్దునా సాబ్?" అన్నాడు రాజేశం.

ఆ మాట ఫోను చైనా భాషలో చెప్పేసరికి ముసలాయన పడీ పడీ నవ్వాడు. అక్కణ్నుంచి స్నేహం.

ఆ గది గోడ మీద తాంగ్ కాగితపు పట్టీలు అంటించాడు. ఒక్కో పట్టీ మీద నాలుగు అక్షరాలు. ప్రతి నాలుగు అక్షరాల వెనకా ఒక కథ. దీపం లేని పేదవాడు గోడకు బెజ్జం చేసి, పక్కింటి వెలుతురులో చదువుకున్న కథ ఒకటి. మిణుగురులను సంచిలో పట్టి, ఆ వెలుగులో చదివినవాడి కథ ఒకటి. ఏసీ జాలీ కడగడానికి వెళ్లినప్పుడల్లా రాజేశం ఒక పట్టీ చూపించి అడిగేవాడు, ముసలాయన చెప్పేవాడు. గోడ బెజ్జం కథ విని రాజేశం, "పక్కింటోడు కొట్లాటకు రాలేదా?" అని అడిగాడు. తాంగ్ చాలాసేపు ఆలోచించి, అది పుస్తకంలో రాయలేదన్నాడు.

"ఇంతకీ ఈ పుస్తకం మీ దగ్గరికెలా వచ్చింది?" అని బాపిరాజు అడిగాడు.

రాజేశం టేపు పీకి గుడ్డ విప్పాడు. నీలి అట్ట, పసుపు తిరిగిన పలచటి కాగితాలు. జిగురు లేదు. అంచు పొడుగునా బెజ్జాలు వేసి దారంతో కుట్టిన పాతకాలపు పుస్తకం. ఆ కుట్టు మాత్రం తెల్లగా, కొత్తగా మెరుస్తోంది.

"గది ఊడ్వబోయిన. ఇది బల్ల మీదుంది. దారమంత పీలికలై ఒక్క పోగు మీద ఆగింది. ముసలాయన గింత ఇష్టపడే పుస్తకం, పాపం చూసుకోలేదనుకున్న. తెచ్చి కుట్టిన."

రాజేశానికి చేతిలో ఏది తెగినా కుట్టేసే అలవాటు. మంచం నవారు, బూటు, ఏసీ మీది గుడ్డ, అన్నీ ఒకే దారంతో. ఓడరేవు దగ్గర చేపలవాళ్లు కొనే నైలాను దారం. ఉప్పునీళ్లలో పదేళ్లు నానినా తెగదు. పాత పోగును కత్తిరించి చెత్తలో పారేసి, నైలానుతో బిగించి కుట్టి, మెచ్చుకుంటాడని పట్టుకెళ్లాడు.

తాంగ్ పుస్తకం తీసుకుని కుట్టును వేలితో నిమిరాడు. రెండుసార్లు లాగి చూసి బల్ల మీద పెట్టుకున్నాడు. మూడో రోజు పిలిచి, గోడ మీద ఒక పట్టీ చూపించాడు. పూర్వం వెదురు బద్దలను తోలు వారుతో కట్టి పుస్తకం చేసేవాళ్లట. ఒక పెద్దాయన ఒకే పుస్తకాన్ని చదివీ చదివీ, ఆ వారు మూడుసార్లు తెగిందట. నాలుగు అక్షరాల్లో ఆ కథంతా ఉంది.

ఆ తర్వాత తాంగ్ పుస్తకం వెనక అట్టలోంచి చిన్న పొట్లం తీశాడు. అందులో రెండు తెగిన దారాలు. ఒకటి పెళ్లి కాకముందు తెగిందట. రెండోది ఎక్కడో ఆనకట్ట పని మీద ఉన్నప్పుడు. మూడోది దానంతటది తెగాలని పదహారేళ్లుగా చదువుతున్నాడు. ఇంకొక్క పోగే మిగిలిందనగా రాజేశం కత్తిరించాడు.

"నేను చెత్త డబ్బాకాడికి ఉరికిన సార్. చెత్త గాడి అప్పుడే పోయింది."

ఆ మాట కూడా రాజేశం అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా చెప్పాడు.

"తిట్టాడా మిమ్మల్ని?"

"తిట్టలే. పోనీ, ఇక నువ్వే చదివి తెంపు అన్నడు. నవ్విండు గని, ఆ నవ్వు వేరే."

మామూలు నూలుతో మళ్లీ కుడతానని రాజేశం పుస్తకం వెనక్కి తెచ్చుకున్నాడు. ఇంటికి ఫోను చేసి, బీడీలు కట్టే దారం ఒక ఉండ పంపమని భార్య పుష్పను అడిగాడు.

"అంత పెద్ద దేశంల దారం దొరకదా?" అంది పుష్ప.

"ఈడ దొరికేది గట్టిది. నాకు తెగేది గావాలె."

"పందొమ్మిదేండ్లు ఆడుంటే మనిషి గిట్లనే అయితడు," అని ఫోను పెట్టేసింది. అయినా సెలవు మీద ఊరికి వచ్చిన క్యాంపు మనిషి లక్ష్మణ్ చేతికిచ్చి పంపింది.

లక్ష్మణ్ దారంతో దిగేసరికి తాంగ్ చనిపోయి నాలుగు రోజులైంది. స్టోర్లో ఒక పెట్టె మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ రోజు రాజేశం పద్నాలుగు గదుల ఏసీ జాలీలు కడిగాడు. ఏడుపు రాలేదు. ఆకలి వేసింది, తిన్నాడు. అదే తనకు వింతగా తోచింది. ఆ వింత కూడా రెండు రోజుల్లో పోయింది.

తర్వాత నెలకు తాంగ్ కూతురు చైనా నుంచి రాసింది. సామాను అందింది, నాన్న పాత పుస్తకం మాత్రం లేదు అని. క్యాంపు చూసుకునే షాకీర్ భోజనాల వరుసలో అందరినీ అడిగాడు, "బుడ్ఢే కీ కితాబ్ కిసీనే దేఖీ క్యా?" ముసలాయన పుస్తకం ఎవరైనా చూశారా అని. పళ్లెం పట్టుకున్న రాజేశం తల అడ్డంగా ఊపాడు. పక్క క్యాంపులో పోయిన డ్రిల్లు మిషను ఒకడి మంచం కింద దొరికితే, వాడి ఎగ్జిట్ ఏడాది ఆగిపోయింది. ఆ సంగతి తల ఊపాకే గుర్తొచ్చింది.

"ఏడు నెలలు మీ దగ్గరే ఉంది కదండీ. బీడీ దారంతో కుట్టేయకపోయారా?" అన్నాడు బాపిరాజు.

"నాలుగుసార్లు కూసున్న సార్. నైలాను మీద కత్తెర పెట్టిన. చెయ్యి మెదలలే. ఏమనిపించిందంటే, ఏమనిపించలే."

బాపిరాజు పుస్తకం అందుకుని జాగ్రత్తగా తెరిచాడు. అట్టలో ఆ రెండు పాత దారాలు అలాగే ఉన్నాయి.

"రియాద్ ఆఫీసులో ఆవిడ అడ్రసుంటుంది, పంపిస్తాను. ఎక్కడిదంటే దొరికిందంటాను. అంతేగా?"

"గంతే."

"ఈ కుట్టు చూస్తుంది కదండీ. ఎవరు వేశారో మనం చెప్పం. వాళ్ల నాన్నే వేశాడనుకుంటుందేమో."

ఏసీ నీళ్లు బయట బకెట్లో పడుతున్నాయి. రాజేశం పుస్తకం తీసుకుని, తాంగ్ చేసినట్టే కుట్టును వేలితో నిమిరాడు.

"ఇంక చదవనని తెగని దారంతోని కట్టేసుకున్నడు అనుకుంటది," అన్నాడు.

"అనుకోవచ్చు."

రాజేశం లేచి, తలగడ కింద నుంచి బీడీ దారపు ఉండ తీసి పుస్తకం మీద పెట్టాడు. రెండూ కలిపి గుడ్డలో చుట్టి బాపిరాజు సంచిలో తనే సర్దాడు. "నా పేరు చెప్పుండ్రి," అన్నాడు. బయట బండి హారను మోగింది.

"పేరు చెప్తే ఎగ్జిట్ ఆగొచ్చు. ఆలోచించుకోండి," అన్నాడు బాపిరాజు.

"ఆగితే ఆగనియ్యుండ్రి. విమానం దాక ఆగొద్దు, రేపే పంపుండ్రి. మీకు ఇంగ్లీషొస్తది, చిట్టీ రాసి పెట్టుండ్రి. ఇది మీ నాయిన కుట్టలేదని మొదటి ముక్క రాయుండ్రి. రాజేశమనేటోడు తెల్వక కుట్టిండు, అడిగితే లేదన్నడు అని రెండోది. నైలాను తీసేసి ఈ నూలుతోని కుట్టుకొమ్మనుండ్రి. పోండ్రి సార్, బండి ఆగది."