పదిహేను అక్షరాల గది

మణవాళనగర్‌లో ఇంకా ఎండ పడలేదు. కాంచన పెనం మీద దోసె పోసి ఫోనెత్తింది.

"పాలు కదల్లేదు మా! అర్ధగంటగా బటన్ నొక్కతా ఉండా. లోపలికి పోతాది, మళ్లా బయటికి తోసేస్తాది." వెంగల్ పాల కేంద్రం చూసే సుదర్శనం, ఆమె మేనమామ.

ఊళ్ల పాలను చల్లబరిచే తిరువళ్లూరు శీతల కేంద్రంలో కంప్యూటర్ల పని పద్నాలుగేళ్లుగా కాంచనదే. ఒక్కో క్యాను కొలత ఊరి నుంచి సర్వర్‌కు చేరాలి. అన్నీ చేరితేనే ఆ ఊరి లారీ బయలుదేరుతుంది. ఆ ప్రోగ్రాం రాసిందీ ఆమే. ఊళ్లో ఐసు లేదు; ఎండెక్కితే పాలు ఆగవు.

నిన్ననే వెంగల్, కనకమ్మ సత్రం కేంద్రాలను పాత తీగల లైను నుంచి ఫోన్ నెట్‌వర్క్‌కు మార్చారు. ఒక్కో కంప్యూటర్‌ను గుర్తుపట్టడానికి ఈ నెట్‌వర్క్ ఇచ్చే చిరునామాలు (ఐపీ అడ్రసులు) కొత్త రకం, బాగా పొడుగు. సర్వర్‌కు పాత పొట్టివే తెలుసు. కాంచన కొత్తవీ నేర్పింది. తన ఫోన్‌తో పరీక్షించింది, పనిచేసింది, ఇంటికొచ్చింది.

ఇంతలో రెండో ఫోన్. కనకమ్మ సత్రం కేంద్రం చూసే వజ్రమ్మ. "ఏం పాపా, మీ మామ నా పాలకు అడ్డం పడినాడా? నేను ముందు పంపతానని ఆయనకి కడుపుమంట."

నిజమే, వాళ్లకు రోజూ పందెమే. ముందు చేరినవాళ్ల పాలు ముందు దింపుతారు. అందుకే క్యానుకు మూత పడకముందే ఇద్దరి వేళ్లూ బటన్ మీదుంటాయి.

సిగ్నల్ తక్కువేమోనని కాంచన మామను మేడెక్కించింది. లాభం లేదు. ఏడున్నరైంది. దోసె మాడింది. ఇద్దరూ ఒకేసారి నొక్కడమే చిక్కేమోనని వజ్రమ్మకు ఫోన్ చేసింది.

"అక్కా, ఒక్క నిమిషం చెయ్యి తియ్యి. మామ ఒక్కడే పంపనీ."

"ఆయనే ఎందుకు ముందు? నా క్యాన్లలో ఉండేది నీళ్లా?"

తిట్టుకుంటూనే తీసింది. సుదర్శనం సర్వర్ లోపలే నిలిచాడు. ఆయన కొలతలన్నీ చేరకముందే వజ్రమ్మ మళ్లీ నొక్కింది; వెంటనే బయటపడ్డాడు.

కాంచన ల్యాప్‌టాప్‌లో, సర్వర్ రాసుకున్న చిరునామాల జాబితా తెరిచింది. రెండు ఊళ్లకూ అక్షరం తేడా లేకుండా ఒకే చిరునామా! రెండూ సగంలో తెగిపోయి ఉన్నాయి. లెక్కపెట్టింది. పదిహేను. పాత చిరునామా అంతకు మించదని, ఎప్పుడో తానే ప్రోగ్రాంలో దానికి అంత చిన్న గది కట్టింది. కొత్త చిరునామాలకు ఈ చుట్టుపక్కలంతా తల ఒకటే, తేడా తోకలో. తోక గది బయటే రాలిపోతోంది. ఒకే మనిషి రెండుసార్లు వచ్చాడనుకుని సర్వర్ మొదటివాణ్ణి గెంటేస్తోంది.

గది పెద్దది చేసి, సర్వర్‌ను ఆపి, మళ్లీ నడిపించింది. ఎనిమిదిన్నరకు రెండు లారీలూ కదిలాయి.

శీతల కేంద్రంలో స్పిరిట్ చుక్క వేసి, పాలు పాడయ్యాయేమో చూశారు. వజ్రమ్మవి నిలిచాయి. వెంగల్‌వి రెండు క్యాన్లు విరిగాయి.

"ఎవురి తప్పు మా?" ఫోన్‌లో సుదర్శనం గొంతు తగ్గింది.

"నాదే మామా."

"సరి. పాలు పోసినోళ్లకి నువ్వే వచ్చి చెప్పు. నేను చెప్తే నమ్మరు."

సాయంత్రం వస్తానంది. ఆఫీసుకు వెళ్లగానే తన పాత ప్రోగ్రాములన్నీ తెరిచి పదిహేను అక్షరాల గదుల కోసం వెతికింది. ఇంకో మూడు చోట్ల దొరికింది. పశువుల డాక్టరును పిలిచే ప్రోగ్రాంను ముందు సరిచేసింది.